గురుశుశ్రూషయు, కూలి న్యాయమును

పోయిన సంక్రాంతి ముగిసిన మరునాడు మా పూర్వ విద్యార్థి ఒకడు తిరుపతిలో మా యింటికి నన్ను చూడ వచ్చినాడు. పాకాల ప్రాంతపు రైతుబిడ్డ. పదేండ్ల క్రిందట నా వద్ద తెలుగు చదువుకొన్నాడు. గణవిభజన ఎంత చెప్పినా తలకెక్కేది కాదు గాని, ఏ కథ వినిపించినా దానిని దృశ్యాలుగా విడదీసి తిరిగి చెప్పగల నేర్పు వానికి పుట్టుకతోనే అబ్బింది. పట్టం పుచ్చుకొన్న ఏడే సినిమాలలో దర్శకత్వ శాఖలో చేరుతానని వచ్చి అడిగితే, తెలిసినవారికి పరిచయ లేఖ వ్రాసి యిచ్చినవాడను నేనే. బయలుదేరే ముందు ఒక హితవు కూడా చెప్పినాను. "జీతం గూర్చి అడగవద్దు. గురువుకు శుశ్రూష చేయి. విద్యయే నీ జీతం" అన్నాను. ఆ మాట చెప్పినందుకు ఆనాడు నాలో నేను సంతోషించినాను కూడా.

కాఫీ త్రాగిన తరువాత వాడు సంచిలో నుండి అట్టలు చిరిగిన నోటు పుస్తకాలు మూడు తీసి బల్ల మీద పెట్టినాడు. నాయకుడు చొక్కా గుండీలు ఎన్ని పెట్టుకొన్నాడు, నాయిక ఏ చేతితో చెంబు అందుకొన్నది, గోడ గడియారంలో ముల్లు ఎక్కడ ఉన్నది అనే వివరాలు పుటల నిండా సన్నని అక్షరాలలో ఉన్నవి. ఈనాడు తీసిన దృశ్యానికి నెల తరువాత తీసే దృశ్యం అతకవలె గదా! ఆ అతుకు తెలియనీయని పని సహాయ దర్శకునిది. మూడవ పుస్తకం చివరి పుటలలో మాత్రం వేరొక లెక్క ఉన్నది. ఏ చిత్రానికి ఎన్ని నెలలు పనిచేసినది, ఎంత యిస్తామన్నది, ఎంత చేతికి వచ్చినది.

తొమ్మిదేండ్లలో ఆరు చిత్రాలు. వానిలో రెండు నడుమ ఆగిపోయినవి. మొదటి చిత్రానికి పదునాలుగు నెలలు పట్టింది. చిత్రీకరణ జరిగిన రోజులలో భోజనమూ, బత్తా తప్ప వేరు ప్రతిఫలం లేదు. కథా చర్చలు జరిగిన నెలలకు ఆ బత్తా కూడా లేదు. నాలుగవ చిత్రంలో ఒక దృశ్యం మొదటి నుండి చివర వరకు వాడు వ్రాసినదే. తెర మీద వాని పేరు కనబడలేదు. ఇవి చెప్పేటప్పుడు వాని గొంతులో కోపం లేదు. అది నన్ను మరింత బాధించింది.

కోపం కాదు గాని, సిగ్గు వంటిది ఒకచోట తొంగిచూచింది. అడవి అంచున ఒక రాత్రి జనసమూహపు దృశ్యం తీసినారట. చుట్టుప్రక్కల పల్లెల నుండి కూలికి వచ్చినవారిని అర్ధరాత్రికి పంపివేస్తామని చెప్పి, తెల్లవారే దాకా నిలబెట్టినారు. హాజరు పట్టీలో మాత్రం అర్ధరాత్రి అని వ్రాయమన్నారు. వ్రాసేవాడు మావాడే. "ఆ పొద్దు రాసేసినాను సార్. రెండో చిత్రంలో మళ్ళా అట్లే రాయమంటే రాయలేదు. తెల్లవారుజాము అయిదు అని ఉండేది ఉన్నట్టు రాసినాను. ఆ కంపెనీ వాళ్ళు మళ్ళా పిలవలేదు" అన్నాడు. కొంత సేపటికి తల ఎత్తి అసలు వచ్చిన పని చెప్పినాడు. "మా అక్క కొడుకు కూడా ఈ దారికే వస్తానంటా ఉండాడు. మీరు నాకు చెప్పిన మాటే వానికి చెప్పమంటారా సార్?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను.

✻

మన చిత్తూరు సీమకు సినిమాతో ఉన్న బంధం ఈనాటిది కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఈ జిల్లా మద్రాసు రాష్ట్రంలోని భాగం. పుత్తూరు, నగరి దాటితే అరవదేశమే. చెన్నపట్నం మన యువకులకు ఒక పూట ప్రయాణం. ఉదయం రైలెక్కి అవకాశం వెదకి రాత్రికి ఇల్లు చేరినవారు ఎందరో! ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా ధరించిన మహానటుడు చిత్తూరు నాగయ్య, రామవిలాస సభ నాటకాల వెలుగులో నుండి చిత్రరంగానికి నడచినవాడే. 1939లో 'వందేమాతరం', 1946లో తానే దర్శకత్వం వహించిన 'త్యాగయ్య', 1947లో 'యోగి వేమన' ఆయన కీర్తికి మెట్లు.

నాగయ్యగారి దాతృత్వం సినిమా లోకంలో ఒక పురాణగాథ. ఆకలితో వచ్చినవానికి ఆయన ఇంట అన్నం దొరికేది. అయినా 1973లో ఆయన కన్నుమూసే నాటికి తన చేతనే ఏమీ మిగలలేదు. ఈ కథను మనం ఉదారతకు ఉదాహరణగా చెప్పుకొంటాము. అది నిజమే. కాని దానిలో రెండవ నీతి ఒకటి ఉన్నది. ఒక వృత్తిలో వేలమంది కడుపులు కొందరు పుణ్యాత్ముల దయ మీద ఆధారపడితే, ఆ పుణ్యాత్ములతోబాటే ఆ ఆధారమూ పోతుంది. దానం గొప్పది. కాని అది జీతానికి మారు కాజాలదు.

ఆ కాలంలో దయ మాత్రమే కాదు, ఒక వ్యవస్థ కూడా ఉండేది. వాహినీ, విజయా వంటి సంస్థలలో నటులకు, సాంకేతికులకు నెలజీతాలు ఇచ్చే పద్ధతి ఉన్నది. మన రాయలసీమ బిడ్డలే ఆ సంస్థలకు స్తంభాలు. బి.ఎన్. రెడ్డిగారు, బి. నాగిరెడ్డిగారు కడప జిల్లావారు, కె.వి. రెడ్డిగారిది అనంతపురం జిల్లా తాడిపత్రి. వాహినీలో నిర్మాణ వ్యవహారాలు చూస్తూ కె.వి. రెడ్డిగారు దర్శకులైనారు. వాహినీ శబ్దగ్రహణ శాఖలో పనిచేసిన కె. విశ్వనాథ్‌గారు ఆదుర్తి సుబ్బారావుగారి వద్ద దర్శకత్వం నేర్చి 'ఆత్మగౌరవం' తీసినారు. 1957 నాటి 'మాయాబజార్'కు కె.వి. రెడ్డిగారి దగ్గర శిష్యరికం చేసిన సింగీతం శ్రీనివాసరావుగారు స్వతంత్ర దర్శకులైనది 1972లో, 'నీతి నిజాయితి' చిత్రంతో. నడుమ పదునైదేండ్లు! శిష్యరికం దీర్ఘమైనదే. కాని దాని క్రింద ఒక నేల ఉన్నది.

కె.వి. రెడ్డిగారు స్టాప్ వాచి చేతబట్టుకొని దృశ్యాల నిడివి ముందే లెక్కించుకొనేవారని ప్రసిద్ధి. చిత్రీకరణకు ముందే వ్రాతప్రతి పూర్తిగా సిద్ధం కావలె. తరువాత మార్పు లేదు. దీనిని మనం కళానియమంగా చూస్తాము. సహాయకుని వైపు నుండి చూస్తే అదే కార్మిక న్యాయం కూడా. ముందు ఆలోచించే దర్శకుని క్రింద పనిచేసేవాడు రాత్రి ఇంటికి పోయి నిద్రించగలడు. రంగస్థలం మీదికి వచ్చిన తరువాత ఆలోచించే దర్శకుని క్రింద పనిచేసేవానికి నిద్ర లేదు.

✻

ఆ నేల ఎట్లు జారిపోయినది? పెద్ద స్టూడియో సంస్థలు తగ్గిపోయి, ఒక్కొక్క చిత్రానికి ఒక్కొక్క కంపెనీ పుట్టి, చిత్రం విడుదలతో ఆ కంపెనీ మాయమయ్యే పద్ధతి వచ్చింది. చిత్ర పరిశ్రమ క్రమంగా చెన్నై నుండి హైదరాబాదుకు తరలింది. ఇప్పుడు మన పిల్లలు సప్తగిరి ఎక్కుటకు బదులు నారాయణాద్రి ఎక్కుతున్నారు. దూరం పెరిగింది. సాయంకాలానికి ఇల్లు చేరే వీలు పోయింది. అన్నిటికంటె ముఖ్యమైన మార్పు వేరొకటి. సహాయ దర్శకుని యజమాని ఎవరు? నిర్మాతను అడిగితే, "నీ సంగతి దర్శకునికి ఇచ్చిన మొత్తంలోనే ఉన్నది" అంటాడు. దర్శకుని అడిగితే, "నాకే పూర్తిగా రాలేదు" అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పకపోవచ్చు. కాని ఇద్దరి నడుమ నిలబడినవాని చేయి ఖాళీగానే ఉంటుంది.

పైగా ఈ పనికి గడియారం లేదు. కెమేరా ముందు నిలిచేవారికి కాల్షీటు ఉన్నది. దీపాలు మోసేవారికి, రంగులు వేసేవారికి సంఘాలు నిర్ణయించిన దినవేతనాలు ఉన్నవి. 2025 ఆగస్టులో తెలుగు చిత్ర కార్మికుల సమాఖ్య ముప్పది శాతం వేతన వృద్ధి కోరి పనులు నిలిపివేసింది. రెండు వారాలకు పైగా చిత్రీకరణలు ఆగినవి. చివరకు మూడేండ్లలో విడతలుగా 22.5 శాతం వరకు పెంచుటకు ఒప్పందం కుదిరింది. దినవేతనం ఉన్నవాడు దానిని పెంచుమని అడుగగలడు. లేనివాడు దేనిని పెంచుమని అడుగును? అందరికంటె ముందు వచ్చి అందరికంటె వెనుక పోయే సహాయ దర్శకుడు, చిత్రీకరణకు ముందు నెలల తరబడి కథా చర్చలలో కూర్చుండి, ముగిసిన తరువాత కూర్పు గదిలో కూడ పనిచేస్తాడు. ఆ నెలలు ఏ లెక్కలోనికి రావు.

✻

ఇక్కడ మనవంటి ఉపాధ్యాయులు తమను తాము ప్రశ్నించుకోవలసి ఉన్నది. "విద్యయే జీతం" అనే మాట సినిమావారు సృష్టించినది కాదు. దానికి మన ప్రాచీన సంప్రదాయం పేర ముద్ర వేసినవారము మనమే. సంప్రదాయం నిజంగా ఏమి చెప్పినది?

భారతం ఆదిపర్వంలో ధౌమ్యుని శిష్యుడైన ఉపమన్యుని కథ ఉన్నది. గురువు ఆవులను కాయుమని పంపుతాడు. భిక్షాన్నం తినవద్దంటాడు. పాలు త్రాగవద్దంటాడు. దూడలు విడిచిన నురుగు కూడ కూడదంటాడు. ఆకలికి తాళలేక శిష్యుడు జిల్లేడాకులు తిని, చూపు కోల్పోయి, పాడుబావిలో పడిపోతాడు. ఈ కథను శిష్యుని సహనానికి ఉదాహరణగా తరగతిలో ఎన్నిసార్లు చెప్పినానో లెక్క లేదు. కాని నేను ఏనాడూ నొక్కి చెప్పని భాగం ఒకటి ఉన్నది. సాయంకాలానికి శిష్యుడు తిరిగి రాకపోతే గురువు ఇంట కూర్చుండలేదు. అడవికి పోయి, పేరు పెట్టి పిలిచి, బావి దగ్గర నిలిచి, చూపు వచ్చే ఉపాయం తానే చెప్పినాడు. అశ్వినీదేవతలు ప్రత్యక్షమైనది ఆ తరువాతనే. గురువు పరీక్షించవచ్చును. కాని శిష్యుడు పడిన బావి దాకా రాని గురువుకు పరీక్షించే అధికారం లేదు.

గురుకులంలో శిష్యుడు గురువు ఇంటి మనిషి. అన్నం, నీడ, విద్య మూడూ గురువు పూచీ. గురువు ఆ సేవను అమ్ముకొని లాభం తీసేవాడు కాడు. సినిమా అట్లు కాదు. అది కోట్ల రూపాయల వ్యాపారం. వ్యాపారంలో శ్రమ ఉన్న చోట కూలి ఉండవలె. వ్యాపారానికి గురుకులపు కాషాయం తొడిగి, శిష్యుని శ్రమను ఉచితంగా తీసుకొనుట రెండు ధర్మాలకూ ద్రోహమే.

✻

అట్లని సహాయ దర్శకుడు హక్కులు మాత్రమే ఉన్నవాడని నేను అనను. వాని బాధ్యత సామాన్యమైనది కాదు. చిత్రీకరణ స్థలంలో ఇతరుల కాలం వాని చేతిలో ఉంటుంది. ఒక్కొక్కసారి ఇతరుల ప్రాణం కూడ.

2020 ఫిబ్రవరి 19న చెన్నై సమీపంలో పూందమల్లి దగ్గర 'భారతీయుడు 2' చిత్రం కోసం ఏర్పాట్లు జరుగుతుండగా క్రేను కూలి ముగ్గురు మరణించినారు. వారిలో ఒకరు సహాయ దర్శకుడు. పెద్ద చిత్రం, పేరున్న దర్శకుడు, అనుభవం గల సాంకేతికులు. అయినా ఆ రాత్రి మూడు కుటుంబాలకు చీకటి కమ్మింది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో 2014 ఫిబ్రవరిలో అనుమతి లేకుండా రైలు వంతెన మీద చిత్రీకరణ జరుపుచుండగా రైలు వచ్చి కెమేరా సహాయకురాలు ఒకరు చనిపోయినది. దర్శకునికి కారాగార శిక్ష పడింది. అంతటితో ఆగలేదు. మొదటి సహాయ దర్శకురాలిని కూడా న్యాయస్థానం దోషిగా నిర్ణయించి పదేండ్ల ప్రొబేషను విధించింది. "పైవారు చెప్పినారు, నేను చేసినాను" అనే మాట అక్కడ చెల్లలేదు.

కావున సహాయ దర్శకునికి "కాదు" అని చెప్పే ధైర్యం ఒక వృత్తిధర్మం. ఈ తాడు తెగుతుంది, ఈ నీటిలో లోతు ఎక్కువ, ఈ మనుషులు తెల్లవార్లూ నిలబడినారు అని చెప్పవలసినవాడు అతడే. కాని నెల తిరిగితే అద్దె కట్టలేనివాడు, రేపు పిలుస్తారో పిలవరో తెలియనివాడు ఆ ధైర్యం ఎక్కడ నుండి తెచ్చుకొంటాడు? మా విద్యార్థి మొదటిసారి పట్టీలో అబద్ధం వ్రాసినది దుర్మార్గుడై కాదు, దిక్కులేనివాడై. రెండవసారి నిజం వ్రాసి పని పోగొట్టుకొన్నాడు. నీతి నిలువవలెనన్న దాని క్రింద జీతం అనే పీట ఉండవలె. ఈ రెండింటిని వేరు చేసి మాట్లాడుట మనకు అలవాటైన పొరబాటు.

✻

చట్టాలు లేవా అంటే ఉన్నవి. 1981లోనే పార్లమెంటు సినీ కార్మికుల చట్టం చేసింది. వ్రాతపూర్వకమైన ఒప్పందం లేకుండా సినీ కార్మికుని పనిలో పెట్టుకొనరాదనుట దాని సారం. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఆ చట్టాన్ని తనలో కలుపుకొన్నది. ఈ స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చింది. దానిలో వీరిని దృశ్య శ్రవణ కార్మికులు అన్నారు. కేంద్ర ప్రభుత్వం ప్రకటించే వేతన పరిమితికి లోబడినవారందరికి ఇది వర్తిస్తుంది. పని స్వభావం, వేతనం, పని గంటలు, భద్రత, సంక్షేమ సౌకర్యాలు ఒప్పందంలో వ్రాయవలెనని అది చెప్పుతున్నది. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టుటకు 2013 చట్టం ఉన్నది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే చోట అంతర్గత సంఘం ఉండి తీరవలె. కేరళలో హేమ సంఘం నివేదిక 2024 ఆగస్టులో వెలువడినప్పుడు, వ్రాతపూర్వకమైన ఒప్పందాలు లేకపోవుట, చిత్రీకరణ స్థలాలలో స్త్రీలకు మరుగుదొడ్లు కూడ లేకపోవుట వంటివి దేశమంతటికి తెలిసినవి.

పేరు విషయంలో కూడ చట్టం మౌనంగా లేదు. 1957 నాటి కాపీరైటు చట్టం 57వ విభాగం ప్రకారం, రచయిత తన హక్కులను అమ్ముకొన్న తరువాత కూడ, ఆ రచన తనదని చెప్పుకొనే ప్రత్యేక హక్కు అతనికి మిగిలి ఉంటుంది. డబ్బు పుచ్చుకొన్నంత మాత్రాన పేరు అమ్ముడుపోదన్నమాట. కాని ఆ దృశ్యం తానే వ్రాసినట్లు చూపగల కాగితం మా విద్యార్థి దగ్గర లేదు.

చట్టం కాగితం మీద ఉన్నది. మనిషి రంగస్థలం మీద ఉన్నాడు. ఈ రెంటినీ కలిపేది సంఘశక్తి. హాలీవుడ్డులో 1936లో దర్శకులు సంఘం పెట్టుకొన్నారు. మరుసటి సంవత్సరమే సహాయ దర్శకులను అందులో చేర్చుకొన్నారు. గురువులూ శిష్యులూ ఒకే కప్పు క్రిందికి వచ్చినారు. దర్శకుడు తన సహాయకుని కూలిని తన గౌరవంలో భాగంగా భావించిన నాడు మన దగ్గర కూడ సగం సమస్య తీరుతుంది. ఈనాటి దర్శకులలో ఎందరో నిన్నటి సహాయకులే. తాము పడిన కష్టాన్ని శిష్యునికి కూడ పెట్టుట పరంపర అనుకొనేవారు ఉన్నారు. అత్తచేత బాధపడిన కోడలు తాను అత్త అయిన నాడు ఏమి చేయునో అదే ఆమె గుణానికి పరీక్ష.

✻

వారం రోజుల తరువాత ఆ పిల్లవానిని వెంటబెట్టుకొని మావాడు మరల వచ్చినాడు. మేనమామ చేతిలోని నోటు పుస్తకాల వంక ఆ కుర్రవాడు భక్తితో చూస్తున్నాడు. వద్దు అని చెప్పే అధికారం నాకు లేదనిపించింది. కళ మీద ప్రేమ కలిగిన పిల్లవానికి తలుపు మూయుట ఉపాధ్యాయుని పని కాదు. తలుపు అవతల ఏమి ఉన్నదో చెప్పుట మాత్రం ఉపాధ్యాయుని పనియే. మొదట పట్టం పూర్తి చేయుమన్నాను. పని నేర్చుకొనుటకు ఒక గడువు పెట్టుకొని, ఆ గడువు ఇంట్లోవారికి ముందే చెప్పుమన్నాను. ఎవరి దగ్గర చేరినా, నీకు జీతమిచ్చేది దర్శకుడా నిర్మాతా అని మొదటి రోజే అడిగి, ఆ జవాబు కాగితం మీద వ్రాయించుకొమ్మన్నాను. వ్రాసిన ప్రతి దృశ్యానికి తేది వేసి, రచయితల సంఘంలో నమోదు చేయించుమన్నాను. ఇతరుల కథ విన్నప్పుడు దానిని తనదిగా చేసుకోవద్దన్నాను. హాజరు పట్టీ నీ చేతికి వచ్చిన రోజున ఉన్నది ఉన్నట్లు వ్రాయుమన్నాను. ఈ చివరి మాట చెప్పేటప్పుడు మావాని వంక చూడలేకపోయినాను.

తరువాత పరిచయ లేఖ వ్రాసినాను. పదేండ్ల క్రిందటి లేఖలో ఈ పిల్లవాడు వినయశీలి, శ్రమకు వెనుదీయడు అని మాత్రమే వ్రాసినాను. ఈసారి అవి వ్రాసి, క్రింద ఇంకొక వాక్యం చేర్చినాను. ఈతనికి మీరు ఏ పని అప్పగిస్తారో, నెలకు ఎంత ఇస్తారో తెలుపుతూ ఒక లేఖ దయచేయించవలెనని కోరినాను. అట్లు అడుగుటకు నాకే కొంచెం బిడియం కలిగింది. ఆ బిడియమే ఇన్నాళ్ళు మా పిల్లల ఖర్చు మీద బ్రతికిందని తోచి, వాక్యం కొట్టివేయకుండా ఉంచినాను.

మావాడు లేఖ తీసుకొని ఒకసారి పైనుండి క్రిందికి చూచి, తిరిగి నా చేతికే ఇచ్చినాడు.

"తేది వేయలేదు సార్" అన్నాడు.

వేసి ఇచ్చినాను.